అమ్మ కుడి చేయి

కర్నూలు,
12 జులై 2024.

వదిన శివజ్యోతికి,

స్వర్ణలత నమస్కరించి రాస్తున్నది. నువ్వూ అన్నా సుఖంగానే ఉన్నారనుకుంటాను. అమ్మను చూసుకునే పని తప్పింది కదా, ఉండకేం. నా నంబరు బ్లాక్ చేశావు కాబట్టి కాగితం పట్టుకోవాల్సి వచ్చింది. చించే ముందు ఒకసారి చదువు.

కమలాపురంలో మీ వీధంతా చూస్తుండగా అమ్మను కారెక్కించుకుని వచ్చానని నీకు కడుపుమంట. మండనీ. పక్షవాతం వచ్చాక మూడు నెలలు నీ దగ్గరే ఉంది, కుడి చేయి అంగుళమైనా లేచిందా? నువ్వు రెండు పూటలా చేసిన మర్దన నేను చూడలేదా? గోరువెచ్చని నువ్వుల నూనెతో వేళ్ల దగ్గర మొదలుపెట్టి భుజం దాకా పసిబిడ్డకు రాసినట్టు రాయడం, ఒక్కో వేలూ విప్పడం, చేతి కింద దిండు సర్దడం. గట్టిగా పట్టమంటే, ‘కడపలో ఫిజియోథెరపీ పాప ఇట్లే చేయమనింది స్వర్ణా, పడిపోయిన చేయిని లాగకూడదంట’ అన్నావు. నిన్నగాక మొన్న చదువు ముగించిన ఆ అమ్మాయి మాట నీకు వేదం, కన్నకూతురు మాట చెవికెక్కదు. ఒళ్లు వంగక చెప్పిన సాకు అది. అత్త చేయి కాబట్టి నీకు తొందర లేదు. మీ అమ్మ చేయి అయ్యుంటే?

ఇక్కడ నేను ఆదోని నుంచి దేవేంద్రప్పను పిలిపించాను. పక్షవాతానికి పేరున్న మనిషి. పావురాన్ని కోసి, ఆ నెత్తురు వేడి తగ్గకముందే భుజం నుంచి మణికట్టు దాకా రుద్దాడు. ‘ఇన్ని దినాలు నిమురుతా కూచున్నారామ్మా? నరం ముద్ద కట్టిండాది. లాగితే గానీ దావకు రాదు’ అన్నాడు. నన్ను అమ్మ నడుము పట్టుకోమని, తను చేయి పట్టుకుని లాగాడు. అమ్మ అరిచింది. మాట పడిపోయిన మనిషి అంత గట్టిగా అరుస్తుందనుకోలేదు. అరిచిందంటే చేతికి ప్రాణం వచ్చినట్టేనన్నాడు. ఏడు రోజులు చేయించాను. ఇప్పుడు చేయి కాస్త లేస్తోంది. నీ మూడు నెలలకూ నా ఏడు రోజులకూ తేడా చూసుకో.

చూసిపోతానని నువ్వు ఇటు రావద్దు. నరసింహన్నకు కూడా అదే చెప్పు.

ఇట్లు,
నీ ఆడపడుచు
స్వర్ణలత

తా.క.: ఇది రాసి నాలుగు రోజులైంది, పోస్టు చేయలేదు. చేయి లేవలేదు వదినా. అబద్ధం రాశాను. భుజం కీలు జారింది, చేయంతా వాచిపోయింది. నిన్న డాక్టరు చూసి, ‘ఇన్నాళ్లు ఎవరో శానా ఓపిగ్గా చేసినారు, వేళ్లు బిగుసుకోలేదు. కోలుకునే చేయి ఇది. లాగిందెవరు?’ అని అడిగాడు. నీ పేరు చెప్పాను. నోరు జారి కాదు, తెలిసే చెప్పాను. అమ్మ పక్కనే వింటోంది. అప్పటి నుంచి నేను కలిపిన ముద్ద తీసుకోవడం లేదు. పక్కింటి తిరుపతమ్మ పెడితే తింటోంది. కట్టు వేసినా రోజూ వేళ్లు కదిలించాలట. నేను ముట్టుకోబోతే ఎడమ చేత్తో తోసేస్తోంది. ఈ కాగితం చించి కొత్తది రాయాలనుకున్నాను, కానీ నేనెలాంటిదాన్నో నీకు తెలియాలి. నువ్వు రా. నాతో మాట్లాడవద్దు, నా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టవద్దు. వచ్చి అమ్మ చేయి పట్టుకో.