పామును వెంట తెమ్మన్న కౌంటరు

అత్యవసర వైద్య పరిశోధనా విభాగపు ముఖ్యాధికారి గారికి, పెద్దాసుపత్రి వెనక బజారులో సోఫాలు, కుర్చీలు బాగుచేసుకుని బతికే మేస్త్రి రాసుకున్న రెండో అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్యను నేను ఆలస్యంగా తెచ్చితినని తమ పరిశోధనలో రాసుకున్న మాటను కొట్టివేయుట గురించి, మరియు పాము పేరు చెప్పనిదే చీటీ ఇవ్వని పద్ధతిని ఎత్తివేయుట గురించి.

పై విషయమై మనవి చేయునదేమనగా, ఇదే సంగతి ఇంతకుముందు కూడా రాసి తమ కార్యాలయంలో ఇచ్చుకున్నాను. "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని జవాబు వచ్చింది. ఎక్కడికి పంపారని వాకబు చేస్తే, నేను ఏ కౌంటరు మీద ఫిర్యాదు చేశానో ఆ కౌంటరుకే పంపారని తేలింది. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే. అందుచేత ఈసారి తమ చేతికే ఇవ్వదలిచాను.

1. నా భార్యను పాము కరిచింది మా దుకాణం పెరట్లో, పట్టపగలు. ఒక పాత సోఫా అడుగున గోనెపట్టా చింపి లోపలి పీచు లాగుతుండగా చేతిమీద కాటు పడింది. సదరు సోఫా తమ విభాగపు విశ్రాంతి గదిలోనిదే. తమవాళ్ళు దాన్ని ఏళ్ళ తరబడి గోడవారన ఎండకూ వానకూ వదిలేసి, తీరా కుళ్ళిపోయాక బాగుచేయమని నా మీదికి తోలారు. ఆ లెక్కన పాము కూడా తమ శాఖదే. దీని మీద నాకు ఫిర్యాదు లేదు. చెయ్యి పెడితే కరిచింది, అది దాని స్వభావం.

2. మా దుకాణానికీ ఆసుపత్రికీ మధ్య ఒక్క బజారే అడ్డం. ఆటో కోసం కూడా చూడలేదు. సోఫాలు మోసే తోపుడు బండి మీద ఆమెను కూర్చోబెట్టి నెట్టుకొచ్చాను. మంత్రం వేయించలేదు, పసరు పోయించలేదు, గాయం కోయలేదు. తమ గోడల మీద ఏవేవి చేయరాదని రాయించారో వాటిలో ఒక్కటీ చేయలేదు. గేటు దాటేటప్పటికి ఆమె వేళ్ళకు పీచు అంటుకునే ఉంది. ఇంతకన్నా తొందరగా రావాలంటే కరవకముందే రావాలి.

3. కౌంటరు దగ్గర గుమాస్తా "ఏం పాము?" అని అడిగాడు.

"చూళ్ళేదు బాబూ. పీచులో ఉంది," అన్నాను.

"కంప్యూటర్లో రకం కొట్టందే ముందుకి పోదండీ. పరిశోధన వాళ్ళు కొత్తగా పెట్టారు."

"నా పేరు రాస్కో నాయనా, దాని పేరెందుకు? అదేమన్నా చెప్పి కరిచిందా?" అంది నా భార్య. అప్పటికి ఆమె మాట బాగానే ఉంది.

"అయితే వెళ్ళి తీసుకురండి. చచ్చినా బతికినా ఫర్వాలేదు. ఫోటో అయినా సరే."

చీటీ లేనిదే లోపలికి వదలనని తలుపు దగ్గర కాపలా మనిషి కర్ర అడ్డం పెట్టాడు. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టమన్నారు. కూర్చోబెట్టాను. పామును తెమ్మన్నారు. వెళ్ళాను. అయ్యా, చదువుకున్నవాళ్ళు ఏదో కారణం ఉండే అడుగుతారని మాబోటివాళ్ళం అనుకుంటాం. మా ఖర్మ అది.

4. ఆ సోఫాను కత్తితో నిలువునా చీల్చాను. స్ప్రింగులు పీకాను. పీచంతా వట్టి చేతులతో కెలికాను. అది నన్ను కూడా కరిచి ఉంటే తమ పరిశోధనకు ఒకే ఇంట్లో రెండో కేసు దొరికేది. చాలాసేపు వెతికాను. దొరకలేదు. అక్కడ ఉండకూడదని పాముకు తెలిసిపోయింది, నాకే తెలియలేదు.

5. నేను వట్టి చేతులతో తిరిగి వచ్చేసరికి నా భార్య చిగుళ్ళలోంచి రక్తం కారుతోంది. కొంగుతో తుడుచుకుంటూ "దొరికిందా?" అని అడిగింది. తన గురించి కాక పాము గురించి అడిగేలా చేశారు ఆమెను.

అదే బెంచీ పక్కన ఇంకొక తల్లి ఉంది. ఆవిడ కొడుకు గుప్పెడు నిద్రమాత్రలు మింగాడట. ఆ మాత్రల అట్ట ఇంటికెళ్ళి తెమ్మన్నారు. ఆవిడ వెళ్ళలేదు. కౌంటరు ముందు నేలమీద చతికిలబడి, "నేను కదల్ను! నా బిడ్డని చూస్తారా, నన్ను కూడా చంపుతారా!" అని ఆసుపత్రి ఎగిరిపోయేలా అరిచింది. ఆ అరుపులకే లోపల్నుంచి డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. పిల్లాణ్ణి చూసింది, నా భార్యను చూసింది, గుమాస్తా మీద విరుచుకుపడింది.

"పామెందుకయ్యా మనకి? ఏ పామైనా మన దగ్గరున్న మందు ఒకటే! మనిషిని చూసి లోపలికి పంపు!"

అప్పుడు గుమాస్తా తెరమీద పాముల వరుసను కిందికి జరిపాడు. జరిపాడు, జరిపాడు, అట్టడుగున "తెలియదు" అని ఉంది. "ఇది ఇక్కడుందా!" అన్నాడు. ఒక్క నొక్కు నొక్కాడు. చీటీ వచ్చేసింది.

అరిచిన తల్లి కొడుకు బతికాడు, చల్లగా ఉండాలి. చెప్పిన మాట విన్న నా భార్య మూడోనాడు పోయింది. కిడ్నీలు ఆగిపోయాయన్నారు. మందు ఇంకాస్త ముందు పడి ఉంటే వేరేలా ఉండేదేమోనని డాక్టరమ్మే నాతో అంది. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. తమ విభాగం మొత్తంలో నాకు కనపడిన మనిషి ఆమె ఒక్కతే.

6. ఇక్కడి నుంచి తమ ఘనకార్యం. చీటీ ఎప్పుడు పుడితే రోగి అప్పుడు వచ్చినట్టు తమ లెక్క. బెంచీ మీద గడిచిన కాలం, నేను సోఫా చీల్చిన కాలం, అంతా మా ఇంట్లోనే గడిచినట్టు రాసుకున్నారు. "కుటుంబసభ్యుల జాప్యమే ప్రధాన కారణం" అని పరిశోధనలో తేల్చారు. ఆపైన "ఆలస్యం అమృతం విషం" అని పోస్టర్లు వేశారు. అందులో "ఒక సోఫాల మేస్త్రి నిర్లక్ష్యానికి భార్య బలి" అట. అయ్యా, ఈ బజారులో సోఫాల మేస్త్రిని నేనొక్కణ్ణే. పేరు రాయకుండా గోప్యత పాటించామని తమవాళ్ళు గర్వంగా చెప్పారు. మైకు కట్టిన వ్యాను రోజూ మా దుకాణం ముందునుంచే పోతోంది.

అది చాలనట్టు, అవగాహన సదస్సుకు వచ్చి వేదిక మీద నా అనుభవం చెప్పి పదిమందికి కనువిప్పు కలిగించమని ఆహ్వానం పంపారు. కింద "తేనీటి ఏర్పాటు కలదు" అని కూడా రాశారు. పుండు మీద కారం చల్లడం విన్నాను గానీ, దానికి టీ కూడా ఇస్తారని ఇప్పుడే తెలిసింది.

7. మా అమ్మాయి వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తుంది. వాళ్ళమ్మకు తెలివి తప్పాక గానీ వచ్చి చేరలేకపోయింది. మా బావమరిది ఆ పోస్టరు చింపి తెచ్చి దాని చేతిలో పెట్టాడు. "చదువుకోవే, మా అక్కని మీ నాన్న ఎలా చంపాడో!" అన్నాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. "ఆసుపత్రి వాళ్ళు అలా రాయలేదుగా నాన్నా," అంది. అదే ఆఖరి మాట. సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది గానీ, కంచంలో అన్నం పెట్టి పక్కకి వెళ్ళిపోతుంది. ఒక్క ఇంట్లో రెండు గోడల్లా ఉన్నాం.

కావున నేను కోరునది ఏమనగా: రోగి గేటు దాటినప్పుడే వచ్చినట్టు రాసుకోండి. పాము రకం, మాత్రల రకం ముందు మందు వేసి తర్వాత అడుక్కోండి. ఆ పోస్టర్లు ఎవరు అంటించారో వాళ్ళచేతే గీకించండి. నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: తమరు స్వయంగా మా ఇంటికి వచ్చి, మా అమ్మాయి ఎదుట నిలబడి, "మీ నాన్న ఆలస్యం చేయలేదమ్మా, మేము చేశాం" అని ఒక్క మాట చెప్పండి. నాకు నష్టపరిహారం వద్దు. ఆ మాట చాలు.

తమరు తప్పక చిత్తగించవలెను. చిత్తగించకపోతే రోజుకొకటి చొప్పున రాస్తూనే ఉంటాను.

ఒక్కసారి విధేయంగా ఉన్నందుకే ఇంత జరిగింది గనుక, ఇకమీదట తమ విధేయుడు కాని,
సోఫాల మేస్త్రి

తా.క.: నా రాత కోడిగీతల్లా ఉంటుందని, శుభ్రంగా తిరగరాయమని ఈ కాగితాలు మా అమ్మాయి ముందు పెట్టి నేను దుకాణంలోకి పోయాను. ఎంతకీ రాలేదు. చివరికి కలం చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వట్టి చేతుల్తో వెతికావా నాన్నా?"

"ఊఁ."

"నిన్ను కూడా కరిస్తే నాకెవరున్నారనుకున్నావు?" అని నా రెండు చేతులూ పట్టుకుని భోరుమంది. నేనూ ఏడ్చాను. వాళ్ళమ్మ పోయాక నేను ఏడవడం అదే మొదలు.

కావున నాలుగో కోరిక రద్దు చేయడమైనది. తమరు మా గుమ్మం తొక్కనక్కర్లేదు. మిగతా మూడింటి గురించి రేపు పొద్దున్నే మేమిద్దరం తమ కార్యాలయానికి వస్తున్నాం. బెంచీ చూపిస్తే కూర్చునేవాణ్ణి నేను. మా అమ్మాయి కూర్చోదు.