తెర మీద ఆగిన కడుపు

డాక్టరు జాన్‌బాబు గారికి, మీ తెల్లకోట్లు కుట్టే వన్ టౌన్ టైలరు సలాములు.

కడుపునొప్పని వస్తే, సోమవారం మీరు సుద్దనీళ్ళలాంటి మందు తాగించి నన్ను ఎక్స్‌రే తెర వెనక నిలబెట్టారు. ఎదురుగా మీ స్టూడెంట్లు. అంతలో కాంపౌండరు పరుగున వచ్చి, మా ఆవిడ జమాల్ బీ బస్సు కింద పడిందన్నాడు. మీరు మాత్రం తెర చూపిస్తూ, "చూశారా, కడుపు ఆగిపోయింది. భయం పుట్టగానే మెదడు హార్మోన్లు వదులుతుంది, నరాల వెంట కబురెళ్తుంది, కడుపు కదలడం మానేస్తుంది" అని వాళ్ళకి పాఠం చెప్పారు. తర్వాత నా భుజం తట్టి, "అబద్ధంలే సాయిబూ, నీ పెళ్ళాం బాగానే ఉంది" అని నవ్వారు.

ముందే అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణేమో. మీరు అడగలేదు.

పుండేమీ లేదని మీరు రాసిన చీటీ అందింది. కానీ ఆ రోజు నుంచి రెండు ముద్దలకే కడుపు బిగిసిపోతోంది. మీ కొత్త కోటు గుడ్డ తిప్పి పంపుతున్నాను. ఇంకెవరి చేతనైనా కుట్టించుకోండి.

జమాల్ బీకి ఇదేమీ తెలియదు. నా నొప్పి తగ్గిస్తున్నారని ఐదు పూటల నమాజులోనూ మీ కోసం దువా చేస్తోంది. ఇక చెయ్యొద్దనడానికి ఆమెకి ఏమని చెప్పమంటారు?