చల్లగా తోచిన ట్రాన్సిస్టరు

కర్నూలు,
12-6-1959

చిరంజీవి సౌభాగ్యవతి రాజ్యలక్ష్మికి రామకోటయ్య ఆశీస్సులు. ఇక్కడ అమ్మ కులాసా. కొట్టు కూడా బాగానే నడుస్తోంది. వేంపల్లెలో నువ్వూ, పాపా, మామయ్యా అత్తయ్యా సుఖంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం చేరింది. పాపకు అమ్మ పేరు పెడదామని రాశావు. చదివి వినిపిస్తే, "నా పేరు యాల? కొత్త పేరేదన్నా పెట్టుకోండి" అంది గానీ, సాయంత్రానికల్లా వీధిలో అందరికీ చెప్పి వచ్చింది. పాపకు పాలు చాలుతున్నాయన్న మాట చదివి నా మనసు కుదుటపడింది.

నేను కొట్టులో చేస్తున్న కరెంటు పెట్టె ఏమైందో మీ తమ్ముడు అడగమన్నాడని రాశావు. అది సోడా కొట్టు చిన్న ఈరన్న కోసం చేసింది. అతని కొత్త రేడియోకు మాటిమాటికీ బ్యాటరీలు మార్చలేక, ఇంటి కరెంటుతో నడిచేలా ఏదన్నా చేసిపెట్టమన్నాడు. కరెంటును హెచ్చుతగ్గులు లేకుండా రేడియోకు అందించే పని ఆ పెట్టెలోని రెండు ట్రాన్సిస్టర్లది. పెట్టె తయారైంది గానీ, కాసేపు పాడగానే రేడియో గురగురమని మూగబోయేది.

మీటరు పెట్టి చూశాను. మంచి ట్రాన్సిస్టరైతే దాని కాళ్ల మధ్య కరెంటు ఒకవైపు పోతుంది, తిప్పి పెడితే పోదు. రెండింటిలో ఒకటి అటూ ఇటూ కూడా వదిలేస్తోంది. దాన్ని తీసేసి, బెంగళూరు నుంచి తెప్పించిన కొత్తది అతికాను. అయినా అదే వరస. చల్లగా ఉన్నంతసేపు బాగుండి, వేడెక్కగానే చెడేది ఏదో ఉందని అప్పుడు అర్థమైంది. అదేదో తెలియాలంటే, పెట్టె నడుస్తుండగా వాటి మీద వేలు పెట్టి చూడాల్సిందే.

ఈరన్న పక్కనే కూర్చున్నాడు. కుడిచేతి వేలు రెండింటి మీదా ఆనించి, "రెండూ చల్లగానే ఉండాయప్పా" అన్నాను.

అతను వంగి తానూ ముట్టుకున్నాడు. చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. "అబ్బా! ఏమప్పా, ఈ పెద్దది పెనం మాదిరి కాల్తాండాదే! సల్లగుండాదంటావేంది?"

వేళాకోళమాడుతున్నాడనుకున్నాను. మళ్లీ అదే వేలు పెట్టి ఉంచాను. ఏమీ తెలియలేదు. ఎడమచెయ్యి పెట్టాను, భరించలేక తీసేశాను. కుడివేలి కొన చూసుకుంటే బొబ్బ లేస్తోంది. ఈరన్న ఆ వేలినీ నా ముఖాన్నీ మార్చిమార్చి చూశాడు.

పెట్టె రోగమైతే కుదిరింది. వేడి పోయే దారి లేక ఆ పెద్ద ట్రాన్సిస్టరు చెడింది. దాన్ని మార్చి, కింద అభ్రకం రేకు వేసి రాగి పలకకు బిగించాను. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా రేడియో ఆగకుండా పాడుతోంది. మీ తమ్ముడికి చెప్పు.

ఇక నా సంగతి. కుడి మోచేతి మీది తెల్లమచ్చకు మందు రాస్తున్నారా అని అడిగావు. మనం శోభి అనుకున్నాం. కాదు, రాజ్యం.

మర్నాడే ఈరన్న నన్ను మిషను ఆస్పత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ జ్ఞానమణి గారు నన్ను కళ్లు మూసుకోమని, దూది తాకినప్పుడల్లా చెప్పమన్నారు. ఎప్పుడు మొదలుపెడతారా అని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. కళ్లు తెరిస్తే, దూది మచ్చ మీదే ఉంది.

"ఇది కుష్టు. మొదట్లోనే వచ్చినారు" అన్నారావిడ. "మాత్రలు మానకుండా మింగండి, నయమవుతాది."

"నా భార్యకు నెలలు నిండినాయమ్మా" అన్నాను.

"మీకొచ్చిన రకం అంటుకునేది కాదు. పుట్టినాక బిడ్డను ఎత్తుకోవచ్చు. వేడి వస్తువులు మాత్రం చూసుకుని పట్టుకోండి."

ఆమె అంత స్పష్టంగా చెప్పినా, పురుడు కబురు అందిన రోజు బస్టాండు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. కొట్టులో పనుండి రాలేకపోయానని నీకు రాశాను. పని కాదు, భయం.

అమ్మకు ఇంకా చెప్పలేదు. తెలిసింది ఈరన్నకు ఒక్కడికే. రోజూ కొట్టుకు వచ్చి, నేను నీళ్లు తాగిన చెంబే అందుకుని తానూ తాగి పోతున్నాడు.

బుధవారం బస్సుకు వేంపల్లె వస్తాను. మామయ్యకూ అత్తయ్యకూ చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం. నేను లోపలికి రాను, అరుగు మీద కూర్చుంటాను. పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టాలనిపిస్తే పెట్టు. భయమేస్తే గడపలోంచే చూపించు. ఎందుకని అడగను, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేస్తాను.

ఒళ్లో పెడితే మాత్రం ఎడమచేత్తో ముట్టుకుంటాను. తొలిసారి బిడ్డను ఎడమచేత్తో తాకాడేమిటని అత్తయ్య అనుకుంటారేమో. దాని ఒంటి వెచ్చదనం నాకు తెలిసేది ఆ చేతికే.

ఇట్లు,
పాప నాన్న,
రామకోటయ్య