బొర్రా దాటాక తీసే స్వెట్టర్

మావా,

మన గుంట ఈ ఉదయం హైదరాబాద్ బయలుదేరింది, నర్సు ఉద్యోగానికి. నిన్నంతా బ్యాగు సర్ది సర్ది నా నడుం పడిపోయింది. నేను దుప్పటి పెడితే అది తీసేసింది.

"అక్కడ ఎండలు మండిపోతన్నాయమ్మా, దుప్పటేటి?"

నూలు బట్టలు, గొడుగు, నీళ్ల సీసా పెట్టుకుంది. ఇక్కడ కొండ మీదేమో ఎండాకాలమొచ్చి కాఫీ పూలు విచ్చినా తెల్లవారితే వణుకే. అందుకని స్టేషన్‌కి నీ స్వెట్టర్ వేసుకుని వచ్చింది.

రైలు కొండ దిగుతూ బొర్రా దాటాక స్వెట్టర్ తీసి బ్యాగులో పెట్టుకోవాలని ప్రతి ప్రయాణంలో నువ్వే చెప్పేవాడివి. పోయినేడు విశాఖ ఆసుపత్రికి వెళ్తుంటే బొర్రా దాటింది, కొండలూ దాటాయి, రైల్లో అందరికీ చెమటలు. నువ్వు మాత్రం తీయలేదు. "సలేత్తంది" అన్నావు. తిరిగి వచ్చేటప్పుడు ఆ స్వెట్టర్ ఒక్కటే నా ఒళ్లో ఉంది.

అందుకే, స్వెట్టర్ తీయగానే ఫోన్ చెయ్యమని దీనికి రెండుసార్లు చెప్పాను. విసుక్కుంది. ఎందుకో చెప్పలేదు నేను.

కొండ కింద ఎస్.కోట చేరాక ఫోన్ చేసింది.

"తీసేసానమ్మా, ఉడికిపోతన్నాను."

అప్పుడు కూర్చున్నాను మావా. రైలు కదిలినప్పటి నుంచీ నిలబడే ఉన్నాను.