మారిసోల్ పది అడుగులు

మే 4, ఆదివారం
మళ్ళీ నాలుగు అడుగులే. థెరపీ గదిలో, పట్టుకునే రెండు కమ్మీల మధ్య మారిసోల్ బాగానే నడుస్తుంది — కమ్మీలు అయిపోయిన చోట ఆగిపోతుంది. ఆరేళ్ళ పిల్ల, ఒంటి బరువులో సగం కాళ్ళకు ఊతంగా బిగించిన ఇనప కాలిపర్లదే. ఎదురుగా కుర్చీలో వాళ్ళమ్మ రోసా చేతులు చాచి "అందా, మారి, అందా!" అంటుంది. నేను వెంటనే చెయ్యి ఇస్తాను. పట్టుకుని నవ్వుతూ వచ్చేస్తుంది.

జయ మేడమ్ వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టు, ఇవాళ వచ్చారు; మిగతా రోజులు నడిపించేది హెల్పర్‌ని నేనే. ఇరవయ్యో తారీఖు డాక్టర్ చూస్తారట. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పది అడుగులు వేస్తేనే కాగితం... ఆ కాగితం ఉంటేనే స్కూల్లో సీటు. "సునీతా, పక్కా కరాదో" — ఎలాగైనా చేయించమని చెప్పేసి వెళ్ళారు.

మే 6, మంగళవారం
రోసాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నాకు స్పానిష్ సున్నా. ఇద్దరికీ పరాయి దేశమే ఇది, రెండు నెలలుగా సైగలతోనే సంసారం. ఇవాళ డబ్బాలో వేయించిన అరటికాయ తెచ్చింది, వాళ్ళ కొలంబియా వంట. ఉప్పుంది, కారం లేదు పాపం. "బాగుంది" అన్నాను. "బాగుండి" అని తనూ అంది. ఇద్దరం పగలబడి నవ్వాం.

మే 8, గురువారం
మారిసోల్ నాన్న వచ్చాడు, సైట్ నుంచి లీవు మీద. ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు. రోసా అందా అంది, నేను చెయ్యి ఇచ్చాను. ఆయన నెమ్మదిగా అడిగాడు — "ఆమె నడవమంటోంది కదా, మీరెందుకు పట్టుకుంటున్నారు?"

అందా అంటే నడువు అట. పద, కానీయ్.

ఓరి దేవుడా. నా తెలుగు చెవికి అది "అందుకో" లాగే వినిపించింది, పైగా రోసా చేతులు చాచే పిలుస్తుంది. చెయ్యి అందించమంటోందనుకున్నాను. నడవమన్నప్పుడల్లా చెయ్యి వస్తుంటే పిల్ల ఏం నేర్చుకుంటుంది? చెయ్యి వచ్చేదాకా ఆగడమే.

రోసా ఎందుకు చెప్పలేదూ అంటే, ఇక్కడి పద్ధతి అదేననుకుందట. పెద్ద చదువుల వాళ్ళు కదా అనుకుందట. నేనా! ఇంటర్ తప్పిన మొహాన్ని. మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పేశాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

మే 9, శుక్రవారం
మా ఆయన మల్లేశ్ పనిచేసే ఖురియాత్ నుంచి సెలవుకి వచ్చాడు. మత్రాలో సముద్రం పక్కన చాయ్. కట్టుకున్నవాడికైనా చెప్పుకోవాలి కదా... చెబితే పడీపడీ నవ్వాడు. "అరె, చెయ్యి ఇచ్చుడు గూడ తప్పేనానే?"
తర్వాత నా మొహం చూసి తగ్గాడు. "ఇగ ఇయ్యకు మరి. గంతే."
అంతేనట. చెప్పడం ఎంత సులువు.

మే 11, ఆదివారం
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. రోసా పిలిచింది. పిల్ల తల్లిని చూడలేదు, నన్ను చూసింది. చెయ్యి చాచింది. ఇవ్వలేదు. ఏడ్చింది, కూలబడింది. నా మీద కోపంతో లేపనివ్వలేదు కూడా.

మే 13
అదే.

మే 15
కమ్మీలు దాటి ఒక అడుగు వేసింది, నన్ను చూడకుండా. తర్వాత చూసింది — ఆగింది.

మే 18, ఆదివారం
రోసా నా చెయ్యి పట్టుకుని, "సునీతా... యూ... అవుట్‌సైడ్. ప్లీజ్." తలుపు వైపు చూపించింది. కోపంగా కాదు. కళ్ళు తడిగా ఉన్నాయి. మేడమ్ కూడా అదే మంచిదన్నారు. నేను గదిలో ఉన్నంతసేపూ పిల్ల నా చెయ్యి కోసమే చూస్తుంది. నిజమే. నిజమైతే మాత్రం బాధ ఉండదా? రెండు నెలలు రోజూ ఆ కాళ్ళకు పట్టీలు బిగించింది నేనే.

మే 20, మంగళవారం
బయట బెంచీ మీద రాస్తున్నాను. పట్టీలు నేనే బిగించి, లోపలికి పంపి, వచ్చేశాను. మారిసోల్ వెనక్కి తిరిగి చూసింది. నేను తలుపు వేశాను.

లోపల డాక్టర్, రోసా, మేడమ్. కాలిపర్ల చప్పుడు వినిపిస్తోంది. ఒకటి... రెండు... నాలుగు దాటింది! ఐదు. ఆరు.

ఆగింది.

ఏడుపు లేదు. పడితే చప్పుడయ్యేది, అదీ లేదు. అంటే నిలబడే ఉంది.

లేవబోయాను. మళ్ళీ కూర్చున్నాను. ఇంకా నాలుగు అడుగులు, అవి తనే వెయ్యాలి.