అడ్డంగా బిగించిన విల్లు

ఎడపల్లి, నవంబరు 1961

ప్రేమగల కమలక్కకు,

ఎప్పుడూ బాగున్నానని రాసేవాణ్ని. ఈసారి ఆ అబద్ధం రాయను. కిందటేడు చెరకు బండి మీద నుంచి పడ్డప్పుడు కుడి భుజం పట్టేసింది. అప్పటి నుంచి బాపు విల్లు నాకు లొంగడం లేదు. పున్నయ్యగారి చెరకుకు కాపలా ఉంటూ, మంచె మీద డబ్బా కొట్టి అడవిపందులను తరుముతున్నాను. వాటికి డబ్బా మోత అలవాటైపోయింది. మొన్న కాలువ పక్క చెరకంతా పడగొట్టి నమిలేశాయి. ఆయన చూసి, "ఏవయ్యా హనోకూ, మీ నాన్న ఉండగా ఒక్క గడ కూడా పోలేదే!" అన్నాడు. తల ఎత్తలేకపోయాను.

వడ్రంగి పోశయ్య నా అవస్థ కనిపెట్టి, కర్రకు అడ్డంగా విల్లు బిగించి ఇచ్చాడు. కాలితో తొక్కిపట్టి, నడుము బలంతో నారి లాగి కొక్కేనికి తగిలిస్తే అక్కడే ఆగుతుంది. తీరిగ్గా గురి చూసి మీట నొక్కడమే. అరటి బోదెకు కొడితే బాణం సగం దాకా దిగింది. సంతోషం వేసింది, వెంటనే ఇది బాపు విల్లు కాదు కదా అని ఏడుపొచ్చింది. "విల్లు విల్లే గద హనోకూ. నిలవెడితేంది, పండవెడితేంది?" అని పోశయ్య నవ్వాడు.

వచ్చే ఆదివారం కోతల పండుగ. కాపలావాళ్లం చర్చి ముందు అందరి ఎదుట నారి లాగి చూపి, అయ్యగారితో ప్రార్థన చేయించుకోవాలి కదా. బాపు నిలబడ్డ చోట ఈ కర్ర పట్టుకుని ఎలా నిలబడను? కాపలా మానేసి బోధన్‌లో ఊడ్చే పనికైనా పోదామనుకుంటున్నాను.

నీ తమ్ముడు,
హనోకు


ధర్పల్లి

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత మీ బావ భయపడేంతగా నవ్వాను. బాపుకు సద్ది మోసింది నేనే కదా. ఒకనాడు మంచె ఎక్కేసరికి బాపు వెల్లకిలా పడుకుని, రెండు కాళ్లూ విల్లుకు తన్నిపెట్టి, రెండు చేతులతో నారి లాగుతున్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. "రెక్క పోయింది బిడ్డా. కాళ్లున్నయ్ గద! తమ్మునికి చెప్పకు, ఫికర్ జేస్తడు" అన్నాడు. ఆ తర్వాత పండుగలకు చర్చికి తెచ్చిన విల్లు వేరు. సులువుగా వంగే లేత వెదురుది. దానికి నూనె, మసి రాసి పాతదానిలా చేసింది నేనే!

బాపు దాచుకుని చాలా బాధపడ్డాడు. నువ్వు దాచకు. అందరి ముందు కాలితో తొక్కే లాగు. నువ్వుల నూనె సీసా పంపుతున్నాను, భుజానికి రాయించుకో.

నీ అక్క,
కమల


ఎడపల్లి

అక్కా,

గుండె మీది బరువు దిగింది. పోశయ్య విల్లుతోనే పోయాను. అయ్యగారు "గిదేం విల్లు హనోకూ?" అని అడిగితే, నా భుజం సంగతీ, బాపు సంగతీ అందరికీ వినబడేలా చెప్పాను. కాలితో తొక్కి నారి లాగాను. ఎవరూ నవ్వలేదు. అందరికంటే పెద్ద కాపలావాడు చిన్నయ్య తాత తన విల్లు మెల్లగా కింద పెట్టి, జనంలో ఉన్న పోశయ్య వైపు తిరిగి, "నా రెక్క గూడ ఎన్నడో పోయింది పోశన్నా. నాకొకటి జేసియ్యి" అన్నాడు.

నీ నూనె అందింది. సగం తాతకు ఇచ్చాను.

నీ హనోకు