గుట్ట తప్పించిన దారి

కారిక్‌బాన్ గుట్ట కింద,
మార్చి నెల

ప్రియమైన మలకీ,

ఫోన్ చేస్తే వాన సంగతి మాట్లాడి పెట్టేస్తావు. చర్చి బయట ఎదురుపడితే గొడుగు అడ్డం పెట్టుకుంటావు. అందుకే ఈ ఉత్తరం. దీనికి జవాబు రాయక తప్పదు నీకు.

పోయిన ఆదివారం రొట్టె పొయ్యిలోంచి తీస్తుంటే మీ సైకిళ్ళ చప్పుడు వినబడింది. తొక్కడం ఆపినప్పుడు వెనక చక్రం టకటకలాడుతుందే, అది. చేతికున్న పిండి కూడా కడుక్కోకుండా గుమ్మంలోకి పరిగెత్తాను. మీ క్లబ్బు ఆకుపచ్చ చొక్కాలన్నీ చిత్తడినేల రోడ్డులోంచి వచ్చి కింద కూడలిలో తేలాయి. ముందు నువ్వే. చేయి చాచి ఎడమకి చూపించావు. అందరూ బుద్ధిగా నీ వెనకే ఊరి దారి పట్టారు. మా ఇంటివైపు ఒక్కడంటే ఒక్కడు తల తిప్పలేదు.

నా మొగుడు ఫీలిమ్ పోయి రెండు చలికాలాలయింది. అంతకుముందు ప్రతి ఆదివారం గుట్ట అవతలి నుంచి ఎక్కి, ఇటు జారుకుంటూ వచ్చి, మా పెరటి గోడకి సైకిళ్ళు ఆనించి, బురదకాళ్ళతో వంటింట్లో దూరేవాళ్ళు కదా. ఎండుద్రాక్ష రొట్టె ఒక్క ముక్క మిగిల్చేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ రొట్టె నేనూ, పక్కింటి కోళ్ళూ తింటున్నాం. అవును, ఇంకా చేస్తూనే ఉన్నాను. నవ్వుకో.

నావల్ల ఏం తప్పు జరిగిందో చెప్పు. సమాధి దగ్గర ఎవర్నైనా ఏమైనా అన్నానా? ఆ రోజు నాకేమీ గుర్తులేదు. మీరు మళ్ళీ ఈ గుట్ట మీంచి రావాలి. నాకు కావలసింది అదొక్కటే.

నీ పాత నేస్తం,
డింఫ్నా


క్లూన్‌రాత్,
మార్చి చివర

ప్రియమైన డింఫ్నా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు కాస్త తెరిపిచ్చాయి, గాలి మాత్రం పడమటి నుంచి తెగ కొడుతోంది.

నీవల్ల ఏ తప్పూ లేదు తల్లీ. అలాంటి ఆలోచనే పెట్టుకోకు. సంగతేమిటంటే, చలికాలంలో పొదలు కత్తిరించాక గుట్ట రోడ్డంతా ముళ్ళు. ఓ ఆదివారం నలుగురికి టైర్లు పంచరయ్యాయి. పైగా ఆ రోడ్డు గుంతలు. కుర్రాళ్ళకి ఈమధ్య చదును రోడ్ల మీద వేగంగా పోవడమంటేనే మోజు. చిత్తడినేల రోడ్డు అందుకే పట్టాం.

జూన్‌లో మన క్లబ్బు వార్షిక యాత్ర ఉంది, తెలుసు కదా. దారి ఎప్పట్లాగే నన్నే గీయమన్నారు. ఈసారి మంచి దారి పెట్టాను. చెరువుగట్టు మీంచి మొదలుపెట్టి, మధ్యలో గడ్డి మొలిచిన సందుల్లోంచి, ఒక మిట్ట దిగి ఊపిరి తీసుకునేలోపు ఇంకో మిట్ట. పాల కేంద్రం దగ్గర ఓ మలుపుంది, అక్కడ తెల్లముళ్ళ చెట్లు పూస్తే రోడ్డు రెండువైపులా పెళ్ళిపందిరిలా ఉంటుంది. ట్రాక్టరువాళ్ళు కూడా మంచివాళ్ళు, స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరించి పక్కకి జరుగుతారు. ఆ తర్వాత చిత్తడినేల రోడ్డు మీదుగా ఇంటికి.

ఆరోగ్యం జాగ్రత్త. రొట్టె వాసన ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఇట్లు,
మలకీ


కారిక్‌బాన్,
ఏప్రిల్ మొదట్లో

ప్రియమైన మలకీ,

నా చెవిలో పువ్వులు పెట్టకు నాయనా. పొదలు కత్తిరించే మిషను ఒక్క మా గుట్ట మీదే తిరుగుతుందా? చిత్తడినేల రోడ్డు పక్కన కూడా అదే మిషను, అవే ముళ్ళు. గుంతలంటావా, పోయిన శరదృతువులో మా రోడ్డుకి కొత్త తారు వేశారు. నున్నగా ఉంది. నువ్వు చూళ్ళేదు కాబట్టి తెలీదు.

నిన్న పోస్టు తెచ్చే కన్సెప్టా వచ్చింది. టీ ఇచ్చి కూర్చోబెట్టి అడిగాను. "ఏమో డింఫ్నా, నాకేం తెలీదు" అంది. ఇంకో ముక్క రొట్టె వేశాను. "నేను చెప్పానని అనకేం" అని మొదలుపెట్టింది. ఫీలిమ్‌ని పూడ్చిన వారమే మీరంతా పబ్బులో కూర్చున్నారట. "పాపం, మన చొక్కాలు చూస్తే ఆవిడ గుండె పగిలిపోతుంది, ఆ ఇంటి ముందునుంచి పోవద్దు" అనుకున్నారట. అందరూ తలలూపారట. ఆ తర్వాత ఒక్కళ్ళూ మళ్ళీ ఆ మాటెత్తలేదట.

కడుపు మండిపోయింది మలకీ. నన్నొక్క మాట అడిగారా? ఏం, నోరు పడిపోయిందా మీ అందరికీ? సమాధి దగ్గర వరసగా నిలబడి ఒక్కొక్కడూ నా చేయి పట్టుకుని "నీ కష్టానికి బాధగా ఉంది" అన్నారు. ఆ ముక్క అనేసి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు. ఇదేనా మర్యాద?

ఫీలిమ్ ఒక్కడే పోయాడు. మిగతా అందర్నీ నువ్వు తీసుకుపోయావు. ఆదివారం పూట ఈ ఇల్లు ఎలా ఉంటుందో నీకు తెలుసా? గడియారం చప్పుడు వినలేక రేడియో పెట్టుకుంటాను. రేడియోలో ఆ వారం పోయినవాళ్ళ పేర్లు చదువుతుంటారు. అదీ నా ఆదివారం.

నీ దారి కాగితం మీద బాగానే ఉంది. తెల్లముళ్ళ పూలు మా గుట్ట మీద కూడా పూస్తాయి.

కోపంగానే, అయినా ఆప్యాయంగా,
డింఫ్నా


క్లూన్‌రాత్,
ఏప్రిల్ మధ్యలో

ప్రియమైన డింఫ్నా,

నీ ఉత్తరం పబ్బులో అందరి ముందూ చదివాను. మొత్తం చదివాను, "నోరు పడిపోయిందా" అన్నది కూడా. చివరికి ఓరిన్, అదే మన ప్లంబరు, "మనం ఎంత వెధవలం" అన్నాడు. అందరూ మళ్ళీ తలలూపారు. ఈసారి తలూపడంలో మాత్రం పొరపాటు లేదు.

మంచి చేస్తున్నామనే అనుకున్నాం. మనసులో ఉన్నది పైకి అడగడం మాకెవరికీ చేతకాదు. పుట్టినప్పట్నుంచీ వానా, గడ్డీ, ఫుట్‌బాలూ తప్ప ఇంకోటి మాట్లాడి ఎరగం. క్షమించు తల్లీ. నిజంగా సిగ్గుగా ఉంది.

వచ్చే ఆదివారం క్లబ్బంతా గుట్ట మీంచి వస్తుంది. ముందు ఓరిన్ ఉంటాడు. జూన్ యాత్ర దారి కూడా మార్చేశాను, కారిక్‌బాన్ మీంచే. రోడ్డు మీద బాణం గుర్తులు వేయడానికి కుర్రాళ్ళు వస్తారు.

నేను మాత్రం రాలేను. మోకాలు బాగా ఇబ్బంది పెడుతోంది, గుట్ట ఎక్కడం అస్సలు కుదరదు. నా వాటా రొట్టె ఓరిన్ చేతికిచ్చి పంపించు.

ఇట్లు, తల దించుకుని,
మలకీ


కారిక్‌బాన్,
ఏప్రిల్ చివర

ప్రియమైన మలకీ,

వచ్చారు. అమ్మో, ఏం వచ్చారు! వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు. మొదట అందరూ చర్చి ఫాదరు ఇంటికొచ్చినట్టు గోడ వెంట నిలబడ్డారు. ఓరిన్ "వాతావరణం పర్లేదు" అన్నాడు. "ఆ ముక్క అన్నావంటే నీ రొట్టె కోళ్ళకి వేస్తా" అన్నాను. ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంక చూసుకో, నవ్వులకి ఇల్లు దద్దరిల్లిపోయింది. ఫీలిమ్ గుట్ట ఎక్కేటప్పుడు గొంతెత్తి పాడేవాడట కదా, అదీ అపస్వరంలో! వెనకవాళ్ళు బతిమాలేవాళ్ళట, "నీకు దణ్ణం పెడతాం, ఊపిరి దాచుకో" అని. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకు తెలీదు. నవ్వీ నవ్వీ ఏడ్చాను. వాళ్ళూ చూశారు. ఎవరి గుండే పగల్లేదు.

వెళ్ళేటప్పుడు ఓరిన్‌ని అడిగాను, మలకీ మోకాలెలా ఉంది అని. వాడు అమాయకంగా మొహం పెట్టి, "మోకాలా? మొన్న బుధవారం ఒక్కడే సముద్రం దాకా తొక్కి వచ్చాడే" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ చుట్టుదారి నాకోసం కాదు మలకీ. నీకోసం.

ఆ రోజు గుట్ట పైన ఫీలిమ్ దగ్గర నువ్వొక్కడివే ఉన్నావు. మిగతావాళ్ళు ఇంకా కిందే ఉన్నారు. డాక్టరు గుండె అని చెప్పాడు, ఎంతసేపు పట్టిందో చెప్పాడు. అంతకుమించి నాకెవరూ ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. చూశావా, నేనూ మీలాంటిదాన్నే.

నేను రోజూ అక్కడికి నడిచి వెళ్తాను. నా మాట నమ్ము, ఫీలిమ్ అక్కడ లేడు. నేను చూసొచ్చాను. ఒక గేటుంది, దాని వెనక రెండు కోడెలున్నాయి. అంతే. భయపడాల్సిందేమీ లేదు.

గురువారం రా. తొక్కలేకపోతే సైకిలు నడిపించుకుంటూ రా, పక్కనే నేనూ నడుస్తాను. మాట్లాడమని అడగను.

నీ
డింఫ్నా


క్లూన్‌రాత్,
గురువారం సాయంత్రం

ప్రియమైన డింఫ్నా,

ఇప్పుడే ఇంటికి చేరాను. ఇవాళ గుట్ట పైన నీ పక్కన అంతసేపు నిలబడి కోడెల ధరల గురించి మాట్లాడాను. నువ్వు కూడా పాపం సీరియస్‌గా విన్నావు. నోరు తెరిస్తే అదే వచ్చింది, ఏం చెయ్యను. చెప్పాలనుకున్నది రాస్తేనే వచ్చేట్టుంది.

ఆ రోజు వాడు నాకంటే ముందు పైకెక్కాడు. నేను వెళ్ళేసరికి గేటు మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. ఇవాళ నువ్వు చూస్తూ నిలబడ్డ వైపు, అంటే మేం ఎక్కొచ్చిన రోడ్డు వైపు కాదు. ఇటువైపు తిరిగి, మీ ఇంటివైపు చూస్తున్నాడు. అక్కణ్ణుంచి మీ పొగగొట్టం కనిపిస్తుంది.

"చూడరా, పొగ వస్తోంది. పొయ్యిలో పీట్ మట్టిగడ్డలు వేసింది. డింఫ్నా లేచింది" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "నువ్వు పద, వెనకాలే వస్తా. ఇంకాసేపు చూడనీ" అన్నాడు.

నేను సైకిలెక్కి ఒక కాలు పెడలు మీద వేశానో లేదో, వెనక చప్పుడైంది. తిరిగొచ్చి పట్టుకున్నాను. ఇంకో మాట లేదు. నొప్పి పడలేదు డింఫ్నా, ఒట్టు. నా చేతుల్లోనే ఉన్నాడు.

నువ్వు కింద టీ కాస్తూ వాడికోసం చూస్తుంటే, వాడు పైనుంచి నీ ఇంటినే చూస్తూ పోయాడని తెలిస్తే నీకు ఇంకా నరకమని ఇది దాచాను. నాలో నేను ఇన్నాళ్ళూ నలిగిపోయాను. ఇప్పుడు నీకు బరువు చేశానేమో తెలీదు.

నీ
మలకీ


కారిక్‌బాన్,
శనివారం

ప్రియమైన మలకీ,

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదవగానే కోటు వేసుకుని గుట్టెక్కాను. ఇన్నాళ్ళూ వాడు ఏ రోడ్డున వచ్చాడో ఆ రోడ్డే చూస్తూ నిలబడ్డాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఇవాళ తిరిగాను. నా ఇల్లే. నా పెరడు, నా తీగ మీద ఆరేసిన దుప్పటి. పొగ మాత్రం లేదు. ఎలా ఉంటుంది, పొయ్యి వెలిగించేదాన్ని పైకొచ్చి నిలబడ్డాను కదా.

బరువు చేశానేమో అన్నావు. పిచ్చివాడా! రెండేళ్ళుగా వాడు ఒంటరిగా, భయపడుతూ పోయాడనుకుంటున్నాను. వాడు నన్నే చూస్తున్నాడని చెప్పడానికి ఇంతకాలం పట్టిందా నీకు? ఇవాళ అక్కడే కూర్చుని గట్టిగా ఏడ్చాను. కోడెలు బెదిరిపోయాయి.

ఇప్పుడు విను. వచ్చే ఆదివారం నువ్వు అందరికంటే ముందు బయల్దేరు. గుట్టెక్కి, దిగి, తిన్నగా మా వంటింట్లోకి వెళ్ళు. తలుపు తీసే ఉంటుంది, పీట్ తలుపు పక్కనే ఉంటుంది. పొయ్యి నువ్వు వెలిగించు. బాగా పొగ రావాలి.

నేను పైన గేటు దగ్గర ఉంటాను.

నీ
డింఫ్నా